కాలు బెణికితే బాగుండుననిపించే ఉదయాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోడు. నిన్నమొన్నటి దాకా గ్రౌండ్ నుంచి ఇంటికి రమ్మంటే రాని పిల్లలు ఇప్పుడు ఆట పేరెత్తితే ముఖం తిప్పేసుకుంటున్నారని. అందుకని మడమ నొప్పులూ బూట్ల సైజులూ వచ్చే నెలకి వాయిదా వేసి, వాటిలోంచి నాలుగు ఉత్తరాలు ఏరాను. కొత్తగా చదువుతున్నవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు: 29 ఏళ్ళు స్కూల్లో ఆటల టీచర్ని. అంతకుముందు 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. విజిల్ ఊదినదాన్ని, విజిల్‌కి భయపడినదాన్ని కూడా.

*

మేడమ్‌ గారికి నమస్కారం. మా అమ్మాయికి 14 ఏళ్ళు. ఏడో ఏట నుంచి ఈత. వారానికి ఆరు రోజులు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పూల్‌లోనే ఉంటుంది. నాలుగుంబావుకి లేవాలి. రాత్రి హోంవర్కు ముగిసేసరికి పదకొండు. ఎనిమిది నెలలుగా టైమింగ్ తగ్గకపోగా పెరుగుతోంది. ఒకప్పుడు అలారం కంటే ముందు లేచే పిల్ల, ఇప్పుడు పూల్ దగ్గర కారు ఆపాక పది నిమిషాలు దిగదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి బయటికి చూస్తూ కూచుంటుంది. పోయినవారం గాగుల్స్ తెగిపోయాయంది. కొత్తవి కొందామని పాతవి తీసి చూస్తే పట్టీ తెగినట్టు లేదు, కత్తెరతో కత్తిరించినట్టు నున్నగా ఉంది. నేనేం అనలేదు. కోచ్‌ని అడిగితే, ఈ వయసులో అందరికీ ఉండేదే, ఇప్పుడు వదిలితే మళ్ళీ అందుకోలేదు అన్నారు. మావారేమో ఏడేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుందంటారు. మాన్పించాలా? కొనసాగించాలా?
– ఒక తల్లి

అమ్మా, ‘నేనేం అనలేదు’ అని రాశారు చూడండి, ఆ ఒక్క ముక్క చదివి నాకు సగం ధైర్యం వచ్చింది. ఇక ముందు కూడా అనకండి. గాగుల్స్ పట్టీ వాడగా వాడగా తెగితే ఆ చోట సాగి, పలచబడి, అంచు వంకరటింకరగా ఉంటుంది. కత్తిరిస్తే మీరు రాసినట్టే నున్నగా ఉంటుంది. చూడగానే మీకు తెలిసిపోతుందని ఆ పిల్లకి తెలియదంటారా? తెలుసు. దాచాలనుకుంటే చెత్తబుట్టలో పడేసేది. పడెయ్యలేదు, మీ చేతికి అందేచోట ఉంచింది. నన్నడిగితే అది మీకు రాసిన ఉత్తరమే. నోరు పెగలక కత్తెరతో రాసింది.

మీ ప్రశ్న మళ్ళీ ఒకసారి చదవండి. మాన్పించాలా, కొనసాగించాలా. రెండు క్రియలకీ కర్త మీరే. మానడం, కొనసాగడం అనే మాటలకి ఆ పిల్ల కర్త కావాలి కదా, ఆమె వాక్యంలోనే లేదు. వ్యాకరణం తప్పు పట్టడానికి అనడం లేదు, జబ్బంతా అక్కడే ఉందని నా అనుమానం.

మనకి మొహం మొత్తడం అని ఓ మాట ఉంది. ఒక పనే రోజూ చేస్తే మొహం మొత్తుతుంది, నాలుగు రోజులు ఆపితే మళ్ళీ మనసు అటే లాగుతుంది. దానికి విరామం ఒక్కటే మందు. బర్నౌట్, అంటే లోపలంతా అరిగిపోవడం, అలా పోయేది కాదు. థామస్ రేడెక్ అనే పరిశోధకుడు 1997లో ఈ సంగతి మీద పనిచేశాడు. అదీ ఎవరి మీదనుకున్నారు, మీ అమ్మాయి ఈడు ఈతపిల్లల మీదే. ఆయన చెప్పిన గుర్తులు మూడు. ఒళ్ళూ మనసూ రెండూ ఊడ్చుకుపోయినట్టుండడం. ఎంత చేసినా ఏమీ సాధించడం లేదనిపించడం. ఒకప్పుడు ప్రాణమైన ఆట మీద ‘అయితే ఏంటి’ అన్న భావం రావడం. మీ ఉత్తరంలో మూడూ కనిపిస్తున్నాయి. ఆయన చూసిన ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యం. ఇష్టమై ఈదేవాళ్ళ కంటే, ఇరుక్కుపోయాం గనక ఈదుతున్నాం అనుకునేవాళ్ళలోనే బర్నౌట్ ఎక్కువగా కనబడింది. ఇరుక్కుపోవడం అంటే తలుపు బయటినుంచి గడియ పెట్టి ఉన్నట్టు. అలాంటి గదిలో ఎంతసేపు పడుకున్నా నిద్ర పట్టదు.

సరే, ఇప్పుడు పనులు. మొట్టమొదట డాక్టర్. ఇది మనసు సంగతేనని నేనూ మీరూ కూచుని తేల్చెయ్యకూడదు. రక్తహీనత, థైరాయిడ్ తేడా, వదలకుండా పట్టుకున్న వైరల్ జ్వరం, బయటపడని ఆస్తమా – ఇవన్నీ కూడా ఆడే పిల్లని ఇలాగే నీరసపెడతాయి, టైమింగ్‌ని పెంచుతాయి. ఇంకొకటుంది, అమ్మాయిల విషయంలో తల్లులు కూడా అడగడానికి మొహమాటపడేది. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి అందకపోతే శరీరం అవసరం లేదనుకున్న పనుల్ని ఒక్కొక్కటే ఆపేస్తుంది. అందులో నెలసరి ఒకటి. దీనికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మూడు నెలలుగా నెలసరి రాకపోయినా, 15 నిండినా అసలు మొదలవకపోయినా ప్రాక్టీసు ఎక్కువై అలా ఉందిలే అని సరిపెట్టుకోకండి. అది డాక్టర్‌కి చెప్పవలసిన సంగతి. నేను టీచర్‌గా ఉన్న తొలినాళ్ళలో అది బాగా కష్టపడుతున్నారనడానికి గుర్తనుకునేదాన్ని. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

తర్వాత మీరూ మీవారూ కూచుని ఒక కాగితం మీద రెండు లెక్కలు వెయ్యండి. మొదటిది నిద్ర. పదకొండు నుంచి నాలుగుంబావు దాకా, ఐదుంబావు గంటలు. 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి కావలసింది 8 నుంచి 10 గంటలు. రోజుకి దగ్గరదగ్గర మూడు గంటల అప్పు. వారం తిరిగేసరికి రెండు రాత్రుల నిద్ర బాకీ పడుతోంది. రెండోది పూల్ గంటలు. రోజుకి నాలుగు చొప్పున ఆరు రోజులంటే 24. పిల్లల క్రీడావైద్యులు చెప్పే మోటు లెక్క ఒకటుంది, వయసు ఎన్నేళ్ళో వారానికి శిక్షణ అన్ని గంటలు దాటకూడదని. అంటే మీ అమ్మాయికి 14. పది గంటలు పైన. మోటు లెక్కే, ప్రతి పిల్లకీ అచ్చుగుద్దినట్టు సరిపోదు. కానీ ఒకటో రెండో తేడా అయితే వదిలెయ్యచ్చు, పది ఎలా వదులుతాం? అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ వారానికి ఒకటి రెండు రోజులే కాక, ఏడాదిలో మొత్తం మూడు నెలలు, నెల చొప్పున విడగొట్టి, ఆడే ఆటకి పూర్తిగా సెలవివ్వమంటుంది. ఈ ఏడేళ్ళలో మీ అమ్మాయి వరుసగా నెల రోజులు పూల్‌కి వెళ్ళకుండా ఎప్పుడుంది? నాకు తెలుసు మీ జవాబు.

ఇప్పుడు అసలు కష్టమైనది, మాట్లాడడం. ఎదురెదురుగా కూచోబెట్టి ‘నీ సమస్యేంటో చెప్పు’ అనకండి. అది విచారణ. మీకు దేవుడిచ్చిన చోటు ఒకటుంది, ఆ కారు. పక్కపక్కన కూచుంటారు, ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. ఒక పొద్దున పూల్ దగ్గర ఆపాక, ఆమె దిగని ఆ పది నిమిషాల్లో, ‘ఇవాళ వెళ్ళకపోయినా ఫర్వాలేదు, ఇంటికి పోదామా?’ అని మాత్రం అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ‘వద్దు, వెళ్తాను’ అన్నా ఆశ్చర్యపోకండి. వెళ్ళనివ్వండి. వెళ్ళడం తన చేతిలో ఉందని తెలిసి వెళ్ళిన మొదటి రోజు అవుతుంది అది.

ఆ తర్వాత ఒక నెల. ఎప్పుడు మొదలుపెట్టాలో తనే క్యాలెండర్ మీద గుండ్రం చుట్టాలి. ఆ నెలలో పూల్ కబుర్లు మీరు ఎత్తకూడదు. తోటిపిల్లల టైమింగ్‌లు మోసుకురాకూడదు. ‘ఊరికే కూచున్నావేం’ అనకూడదు. ఊరికే కూచోవడానికే కదా సెలవు. స్నేహితులతో సైకిల్ తొక్కుతానంటే తొక్కనివ్వండి, గడియారం మాత్రం కట్టకండి. నెలయ్యాక తనే చెప్తుంది, మొత్తం కావాలో, సగం కావాలో, ఇంకో ఆట కావాలో, ఏదీ వద్దో. నాలుగింటికీ మీ ముఖం ఒకేలా ఉండాలి. అద్దం ముందు సాధన చెయ్యండి, నవ్వులాటకి అనడం లేదు.

ఈ సందర్భంలో అందరూ చెప్పే కథ ఆష్లీ బార్టీది. ఆస్ట్రేలియా టెన్నిస్ అమ్మాయి. 2014లో 18 ఏళ్ళకి రాకెట్ పక్కన పెట్టేసింది. కొన్నాళ్ళు క్రికెట్ ఆడింది, సరదాకి కాదు, అక్కడి పెద్ద లీగ్‌లోనే. 2016లో మళ్ళీ టెన్నిస్‌కి వచ్చి, 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. మన తల్లిదండ్రులు కథ ఇక్కడ ఆపి, ‘చూశావా, నువ్వూ అలాగే తిరిగొస్తావు’ అని గాలం వేస్తారు. మిగతా సగం కూడా చెప్పండి. 2022 జనవరిలో సొంత దేశంలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, మార్చిలో, ప్రపంచంలో ఒకటో ర్యాంకులో ఉండగా, 25 ఏళ్ళకి ఇక చాలని వెళ్ళిపోయింది. వదిలినప్పుడూ తనే, వచ్చినప్పుడూ తనే, మళ్ళీ వెళ్ళినప్పుడూ తనే. మీ అమ్మాయికి కథంతా చెప్పే ధైర్యం లేకపోతే సగం కూడా చెప్పకండి.

మీవారి మాట మిగిలింది. ఈత మీద పెట్టిన కష్టం నీళ్ళపాలు కాక మరెక్కడికి పోతుందండీ! ఆయన్ని కోప్పడను, ఆయనా నాలుగింటికే లేచి ఉంటాడు ఏడేళ్ళుగా. ఆ బాధ నిజమే. కానీ అది మీ ఇద్దరి మధ్య మాట్లాడుకోవలసిన లెక్క. గోడవతల పిల్లకి వినబడే గొంతుతో మాట్లాడితే ఆ ఏడేళ్ళూ పిల్ల నెత్తిన అప్పుగా పడతాయి. ఇప్పటికే పడ్డాయని నా భయం. లేకపోతే కత్తెర దాకా రాదు.

*

మేడమ్, నా వయసు 16. 1500 మీటర్లు పరిగెడతాను. పరీక్షలకి ఇంకో నెలన్నర ఉంది, మీట్‌కి రెండు నెలలు. రాత్రి ఒంటిగంట దాకా చదువుతాను, ఐదున్నరకి గ్రౌండ్‌లో ఉండాలి. ఈ మధ్య వార్మప్ చేస్తున్నప్పుడు కాలు బెణికితే బాగుండు, ఎముక విరిగినా ఫర్వాలేదు అనిపిస్తోంది. ఒక్కోసారి పొద్దున అసలు మెలకువే రాకపోతే బాగుండనిపిస్తుంది. మా సర్‌కి అలసటగా ఉందని చెప్పాను. అందరికీ ఉంటుంది అన్నారు. నేను పిరికివాణ్ణా? పేరు వెయ్యకండి.

నాన్నా, నీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు ఆ మెలకువ మాట. దానికి రెండు అర్థాలుంటాయి. ప్రాక్టీసు ఎగ్గొట్టి ఇంకో రెండు గంటలు పడుకోవాలని ఉండడం ఒకటి. అసలు బతకడమే వద్దనిపించడం ఇంకొకటి. నీది కొంచెం రెండోవైపు మొగ్గినా సరే, ఈ పేజీ మూసేసి ఇప్పుడే ఇంట్లో ఒకరి దగ్గరికి వెళ్ళు. ‘నాకు చచ్చిపోవాలనిపిస్తోంది’ అని ఆ మాటే వాడు. డొంకతిరుగుడుగా చెప్తే పెద్దవాళ్ళం సర్దుకుపోతుందిలే అనేస్తాం. ఇంట్లో కుదరకపోతే నీకు నమ్మకమున్న టీచర్, డాక్టర్, హెల్ప్‌లైన్, ఎవరైనా సరే, కానీ ఇవాళే. ఒంటరిగా ఉండకు. ఇది చదివే పెద్దలకో మాట: అడిగితే లేనిపోని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడి అడగడం మానకండి. అడిగితే పుట్టదు. అడిగేవాళ్ళున్నారని తెలుస్తుంది.

ఇక కాలు సంగతి. నాకు 17 ఏళ్ళప్పుడు ఓ ఫైనల్‌కి ముందు గ్యాలరీ మెట్ల మీద నిలబడ్డాను. కింద నుంచి మూడో మెట్టు. ఎడమ పాదం అంచు సగం బయటికి పెట్టి, కొంచెం ఒరిగితే చాలు, మడమ మడతపడుతుంది, ఇక ఎవ్వరూ పరిగెత్తమనరు అనుకుంటూ చాలాసేపు అలాగే ఉన్నాను. ఆ మెట్టు అంచున సిమెంటు పెచ్చూడి లోపలి కంకర కనబడుతుండేది. రేసు పిలిచారు, వెళ్ళి పరిగెత్తాను. ఎన్నో స్థానం వచ్చిందో చచ్చినా గుర్తులేదు. ఆ కంకర మాత్రం గుర్తుంది. ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. తర్వాత టీచర్నయ్యాక ఒకరిద్దరు పిల్లలు అచ్చం ఇదే చెప్తే తెలిసింది, ఆ మెట్టు మీద నిలబడింది నేనొక్కదాన్నే కాదని.

పిరికితనం కాదు నాన్నా. దెబ్బ తగిలినవాణ్ణి ఎవరూ నిలదియ్యరు. కట్టు కంటికి కనబడుతుంది కాబట్టి. లోపల అరిగిపోయినదానికి కట్టు ఉండదు, అందుకని నువ్వు పైకి కనబడే కారణం వెతుక్కుంటున్నావు. విరగ్గొట్టుకోకుండానే కనబడేట్టు చేసే ఉపాయం ఒకటి చెప్తాను. చిన్న నోట్‌బుక్ తీసుకో. రోజుకి ఒక్క వరుస. నిద్ర ఎన్ని గంటలు. ప్రాక్టీసు ఎన్ని నిమిషాలు, ఎంత కష్టంగా అనిపించింది. కష్టానికి సున్నా నుంచి పది దాకా మార్కు వెయ్యి, ఆపిన వెంటనే కాదు, అరగంట తర్వాత. ఆ మార్కుని నిమిషాలతో హెచ్చవెయ్యి. 70 నిమిషాలు, మార్కు 5, మొత్తం 350. అదే 70 నిమిషాలకి ఒంటిగంట దాకా చదివిన మర్నాడు మార్కు 8 అవుతుంది, మొత్తం 560. పరుగు అదే, గ్రౌండ్ అదే, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లు పైన. ఇది నా కనిపెట్టుడు కాదు, కార్ల్ ఫాస్టర్ అనే శాస్త్రవేత్త పద్ధతి, పెద్ద పెద్ద జట్ల కోచ్‌లు వాడతారు. చదువుకి ఒక ఖాతా, పరుగుకి ఒక ఖాతా అని మన ఒంట్లో వేరువేరుగా ఉండవు. అన్నీ ఒక్క జేబులోంచే పోతాయి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ళని పరిశీలిస్తే పరీక్షల ఒత్తిడి ఉన్న వారాల్లోనే గాయాలు ఎక్కువ కనబడ్డాయి.

రెండు వారాలు రాశాక ఆ పుస్తకం మీ సర్ చేతికివ్వు. ‘అలసటగా ఉంది’ అంటే అందరికీ ఉంటుందన్నారు. అంకెలు చూపిస్తే అలా అనడం కష్టం. మాటలు ఇలా: ‘సర్, పరీక్షలయ్యేదాకా వారానికి మూడు రోజులే వస్తాను. ఆ మూడూ ఏవో మీరు చెప్పండి.’ చూశావా, మూడు అన్నది నీ నిర్ణయం, ఏ మూడన్నది ఆయనకి వదిలావు. పెద్దవాళ్ళకి కూడా పట్టుకోవడానికో కొస ఉండాలి. ఒప్పుకోకపోతే ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళు. ఒప్పుకున్నాడే అనుకో, మిగిలిన పొద్దుటిపూటలు చదువుకి కాదు, నిద్రకి. అక్కడ నన్ను మోసం చెయ్యకు.

ఒంటిగంట దాకా చదివేది ఏమాత్రం తలకెక్కుతోందో కూడా ఆ పుస్తకంలోనే రాసుకో. నాకైతే పెద్దగా నమ్మకం లేదు.

*

మా మనవడు ఫుట్‌బాల్ ఆడి రాగానే ‘గెలిచారా?’ అని అడగడం నాకు అలవాటు. ఈ మధ్య వాడు నన్ను తప్పించుకుని పెరటిదారిన వస్తున్నాడని తెలిసింది. ఇంకేం అడగాలి?
– ఒక తాతయ్య

తాతగారూ, ఆకలేస్తోందా అని అడగండి. గెలిస్తే ఎలాగూ వాడే వీధిలోంచే అరుచుకుంటూ వస్తాడు.

*

మేడమ్, నేను మీ వృత్తివాణ్ణే. స్కూల్లో వాలీబాల్, అథ్లెటిక్స్ చూస్తాను. ఏడాది మొదట్లో 22 మంది వచ్చేవారు, ఇప్పుడు 13. మంచి పిల్లలే ముందు మానేస్తున్నారు. ఆలస్యంగా వస్తే రెండు రౌండ్లు అదనంగా కొట్టిస్తాను, అంతకుమించి నేనేం కఠినంగా ఉండను. మా రోజుల్లో ఇంతకు రెట్టింపు చేశాం. ఈ తరం మెత్తబడిపోయింది అనుకోవాలా?

మాస్టారూ, మా రోజుల్లో రెట్టింపు చేశామన్నది నిజమే. మానేసినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదన్నదీ నిజమే. మీరు లెక్కపెట్టారు. 22, 13 అని అంకె రాశారు. అందుకే మీకు వివరంగా జవాబు రాస్తున్నాను.

మెత్తదనం సంగతి ముందు తేలుద్దాం. జెన్నిఫర్ కాప్రియాటి 1990లో, 14 ఇంకా నిండకుండానే, ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి వచ్చింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ ఫైనల్లో స్టెఫీ గ్రాఫ్‌ని ఓడించి స్వర్ణం కొట్టింది. మరుసటేడుకల్లా ఆటకి దూరమైంది. ఆమెని మెత్తనిదనగలమా? ఆ తర్వాత మహిళల టెన్నిస్ సంఘం చిన్న వయసు పిల్లలు ఏడాదికి ఎన్ని టోర్నీలు ఆడచ్చో పరిమితి పెట్టింది. పిల్లల్ని గట్టిపరచడం మాని నిబంధనని మార్చారన్నమాట. ఆమె తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్, ఫ్రెంచ్ ఓపెన్‌లు గెలిచింది కూడా. సరిగ్గా ఆ 1992లోనే జే కోక్లీ అనే సమాజశాస్త్రవేత్త, మంచి దశలో ఉండి ఆట మానేసిన పిల్లలతో మాట్లాడి ఒక వ్యాసం రాశాడు. లోపం పిల్లల ఓర్పులో లేదు, వాళ్ళ చుట్టూ మనం కట్టిన ఏర్పాటులో ఉందన్నాడు. ఆట తప్ప ఇంకో గుర్తింపు లేకపోవడం, బతుకులో ఏ నిర్ణయమూ తమ చేతిలో లేకపోవడం, ఈ రెండే వాళ్ళని తరిమాయట. మంచి పిల్లలే ముందు మానేస్తున్నారని మీరు రాసింది దీనికి అతికినట్టు సరిపోతోంది. మంచి ఆటగాడికే కదా మనం ఎక్కువ రోజులు, ఎక్కువ మీట్‌లు, ఎక్కువ మాటలు కేటాయించేది.

ఇక ఆ రెండు రౌండ్లు. పరుగుని శిక్షగా వేసి, మర్నాడు అదే పరుగుని ప్రేమించమంటే ఎలా మాస్టారూ? లెక్కల టీచర్ తప్పు చేసినవాడికి శిక్షగా లెక్కలిస్తే మనమే వెనకాల నవ్వుకుంటాం. ఆలస్యంగా వచ్చినవాడి చేత బంతులు ఏరించండి, నెట్ కట్టించండి.

ఇప్పుడు నా సంగతి. ఒక అమ్మాయి, 400 మీటర్లు, నేను చూసినవాళ్ళలో అంత తేలిగ్గా వంపు తిరిగిన పిల్ల ఇంకొకరు లేరు. ఒకరోజు వచ్చి ‘టీచర్, జ్వరంగా ఉంది’ అంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. అందరి ముందూ, ‘జ్వరమా, బద్ధకమా?’ అన్నాను. పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ సాయంత్రం ఆరు రౌండ్లూ పూర్తి చేసింది, మంచి టైమింగే వచ్చింది, నేను స్టాప్‌వాచ్ చూసి, ‘చెప్పానా లేదా’ అన్నట్టు గర్వంగా తలాడించాను కూడా. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. కబురు పంపితే స్పైక్స్, అదే పరుగుకి వేసుకునే మేకుల బూట్లు, తిరిగి పంపింది, మట్టి కడిగి, లేసులు విప్పి మడతపెట్టి. అవి స్కూలువి. నేను ఆ జ్వరం అన్న మాటని థర్మామీటర్ పెట్టినట్టు చేత్తో కొలిచాను. ఆమె దగ్గర ఇంకో మాట లేక అది వాడింది. ‘ఇవాళ నావల్ల కాదు’ అనే మాటకి నా గ్రౌండ్‌లో చోటెక్కడుంది?

ఆ తర్వాతి ఏడాది నుంచి ఒక పని మొదలుపెట్టాను. ప్రతి పిల్లకీ నెలకి రెండు చీటీలు. చీటీ ఇస్తే ఆరోజు సెలవు. ఏం, ఎందుకు, ఇంట్లో తెలుసా, ఏమీ అడగను. మొదటి నెల పండగలా అందరూ వాడేశారు, గ్రౌండ్‌లో నేనూ విజిలూ మిగిలాం. హెడ్‌మాస్టర్‌గారు పిలిచి మరీ అడిగారు. రెండో నెల సగమయ్యాయి. నాలుగో నెలకల్లా చాలామంది జేబుల్లోనే ఉండిపోయాయి, చెమటకి తడిసి, మడతల దగ్గర చిరిగి. వాడకపోయినా వెనక్కి ఇమ్మంటే ఇచ్చేవాళ్ళు కాదు. ఒకడైతే పాతవన్నీ పోగేసి జామెట్రీ బాక్స్‌లో దాచుకున్నాడు, నెల దాటితే చెల్లవని చెప్పినా సరే.

దానితోపాటు చివరి పావుగంట వాళ్ళకి వదిలేసేదాన్ని. ఏ ఆటైనా, నియమాలు వాళ్ళవే, నేను చెట్టుకింద కూచుని రిజిస్టరు రాసుకునేదాన్ని. వాలీబాల్‌ని కాళ్ళతో ఆడేవాళ్ళు, ఏడుగురు ఒకవైపు ముగ్గురు ఒకవైపు. చూడలేక కళ్ళు మూసుకున్న రోజులున్నాయి. మీకూ కష్టంగానే ఉంటుంది, విజిల్ మెడలోంచి తీసి జేబులో వేసుకోండి, కాస్త నయం.

మానేసిన ఆ తొమ్మిదిమంది దగ్గరికి వెళ్ళండి. తిరిగి రమ్మని అడగడానికి కాదు. ఏం నచ్చలేదో అడిగి, వాదించకుండా రాసుకుని రండి. నేను ఆ 400 మీటర్ల పిల్ల ఇంటికి వెళ్ళనే లేదు, స్పైక్స్ బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాను.

చీటీలకి పాత హాజరు పట్టీల వెనకవైపు చాలు. పేరు, తేదీ రాసుకోవడానికి చోటుంచండి. కారణం అని గడి మాత్రం గియ్యకండి.